గడియారాల సందు

మార్చి 11

పిచ్చుకకు,

చివరి రోజు ఎలా గడిచిందో దాచకుండా రాయమన్నావు. కాలికి కట్టుతో మంచం మీద ఉండి నువ్వు రాలేకపోయావు. ఫోన్లో చెబుదామంటే నీకు సగం మాటలే వినిపిస్తాయి. అందుకే రాస్తున్నాను.

మీ అక్క పొద్దున్నే లేచి కాఫీ అడిగింది. రెండు గుక్కలు తాగి చాలంది. వేడినీళ్ళలో తువ్వాలు ముంచి ఒళ్ళు తుడిచాను. కళ్ళజోడు పెట్టమంది. తన నవల ఏడో సంపుటం ప్రూఫులు బల్ల మీద ఉన్నాయి. చదవమంటే చదివాను. ఒకచోట ఆపి, "అక్కడ కామా ఎవరు పెట్టారు?" అంది. ప్రెస్సువాళ్ళు అన్నాను. "వాళ్ళ మొహం. తీసెయ్యండి" అంది. తీసేశాను.

మధ్యాహ్నం నర్సు వచ్చి సూది వేసింది. "మా ఆయనకి కూడా ఒకటి వెయ్యమ్మా, గురకకి మందుందేమో చూడు" అంది మీ అక్క. నర్సు నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత నిద్రపోయింది. నేను కిటికీ పక్కన కూర్చుని మిగతా పేజీలు దిద్దుతున్నాను. ఎండ తగ్గాక కళ్ళు తెరిచి, గోడకేసి చూసి, "ఆ సందులో ఎవరో నిలబడ్డారు. కాస్త జరగమనండి" అంది. మందు మత్తనుకున్నాను. మంచినీళ్ళు కావాలా అని అడిగాను. చెయ్యి పట్టుకున్నాను. అప్పటికే అయిపోయింది.

ఇంతే. ఇంతకంటే ఏమీ జరగలేదు.

ఇంకో సంగతి. మీ అక్క నవల 'తరలి వెళ్ళే నగరం' ఏడు సంపుటాలూ కలిపి ఒకటిగా వేస్తామంటున్నాడు ప్రచురణకర్త. ఆ కథ ఎక్కడి నుంచి పుట్టింది, ఏ చరిత్ర, ఏ సాహిత్యం దాని వెనక ఉన్నాయి అని ఒక ముందుమాట కావాలట. నేను పటాలు గీసేవాడిని. నాకు గీతలు తెలుసు, చరిత్ర తెలియదు. నువ్వు జీవితమంతా కాలేజీలో చరిత్ర చెప్పావు. నువ్వు రాయి.

కాలు జాగ్రత్త.

బావ

*

మార్చి 19

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి కామా దగ్గర ఏడ్చాను. మిగతా అంతా గట్టిగానే చదివాను గాని, ఆ కామా దగ్గర ఆగలేకపోయాను. చనిపోతూ కూడా ప్రెస్సువాళ్ళని తిట్టిందంటే మా అక్కే.

ముందుమాట నేనే రాస్తాను. ఇంకెవరికైనా ఇచ్చారంటే మీతో మాట్లాడను. కట్టు విప్పేశారు. చేతికర్ర ఇచ్చారు. కర్రతో నన్ను చూస్తే మీరు భయపడతారు, అచ్చం మా హెడ్మిస్ట్రెస్‌లా ఉన్నాను.

పుస్తకాలన్నీ మంచం మీద పరుచుకుని మళ్ళీ చదువుతున్నాను. నక్షత్రాల మధ్య కథే గాని, దాని కాళ్ళు నేల మీదే ఉన్నాయి. రాజుగారు రాజధానిని ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి జనంతో, పశువులతో, కోర్టు కాగితాలతో సహా తరలించడం ఉంది చూడండి, అది చరిత్రలో ఒకరు చేసిన పిచ్చి కాదు, చాలామంది చేశారు. దారిలో ముసలివాళ్ళు రాలిపోయేవాళ్ళు. చిన్నప్పుడు ఆ పాఠం నేను అప్పజెబుతుంటే అక్క పక్కన కూర్చుని వినేది. "కొత్త ఊళ్ళో వాళ్ళ ఇళ్ళు వాళ్ళకెలా తెలుస్తాయే?" అని అడిగింది. నాకు మార్కులు కావాలి, దానికి ఇళ్ళు కావాలి.

మూడో సంపుటంలో ఆడవాళ్ళు విరిగిన ఓడల మధ్య తేలుతూ తమ మగవాళ్ళ మొహాల కోసం వెతుకుతారే, అది పురాణాల్లోది. యుద్ధం ముగిశాక మైదానంలోకి వచ్చిన ఆడవాళ్ళ ఏడుపు. కథలో ఉప్పు వర్తకుడి మాటతీరు పాత యాత్రికులది. వాళ్ళు రాజు గురించి ఒక్క ముక్క రాసి, అంగట్లో ఉల్లిపాయల గురించి పేజీ నింపేవాళ్ళు. సామ్రాజ్యం కూలిపోతూ, కూలుతున్న సంగతి తనకే తెలియకపోవడం చరిత్రలో ఎక్కడ తవ్వినా తగులుతుంది.

ఒక్కటే దొరకడం లేదు. రాజధాని మారిన ప్రతిసారీ పాత ఊళ్ళోని ఒక సందు, ఎవరూ కట్టకుండానే, కొత్త ఊళ్ళో వచ్చి కూర్చుంటుంది. గడియారాల సందు. దారిలో చనిపోయినవాళ్ళు అందులో ఉంటారు. అది ఏ చరిత్రలోనూ లేదు, ఏ కావ్యంలోనూ లేదు. నాకు తెలియని మూలం మా అక్కకి ఎక్కడిదండీ? మీకేమైనా చెప్పిందా?

మీ పిచ్చుక

*

మార్చి 27

పిచ్చుకకు,

చెప్పలేదు.

మీ అక్క రాసే పద్ధతి నీకు తెలియదనుకుంటాను. ముందు నాకు చెప్పేది. కొండ ఉంది, కొండ వెనక జనం ఉన్నారు, వాళ్ళకి నీళ్ళు దూరం. అంతే. నేను గీసేవాడిని. నది ఎటు పోవాలో, గోడ ఎక్కడ ఉండాలో ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను గీసింది చూసి, "అయితే వీళ్ళు ఇటునుంచి వస్తారన్నమాట" అని అప్పుడు రాయడం మొదలుపెట్టేది. గీత తప్పయినా మార్చమనలేదు. కథే మార్చుకునేది.

గ్రహాల పటాలన్నీ పంపుతున్నాను. వాటితోపాటు మీ ఊరి పటం కూడా. నేను అక్కడ సర్వే ఆఫీసులో ఉన్నప్పుడు గీసిన అచ్చు ప్రతి. ఇల్లు మారినా అది మీ అక్క బల్ల ఎదుట గోడకే ఉండేది. దానివైపు చూస్తూ రాసేది. నీకు పనికొస్తుందేమో.

ఇంట్లో చప్పుడు లేదు. అలవాటు పడతాను.

బావ

*

ఏప్రిల్ 8

బావగారూ, దొరికింది!

మీరు మహానుభావులు. మీ పటం చాపమీద పరిచి భూతద్దం పెట్టి చూశాను. ప్రింటింగు ప్రెస్సుకీ ఐసు ఫ్యాక్టరీకీ మధ్య చీమ కాలంత అక్షరాలు: గడియారాల సందు. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు రిక్షాలో పోయానో, ఒక్కసారీ కనిపించలేదు. మరుసటి రోజే కర్ర పట్టుకుని బయల్దేరాను.

ఉంది. ఐసు ఫ్యాక్టరీ గోడ దాటగానే ఎడమకి తిరగాలి. చల్లగా ఉంటుంది. రెండు వైపులా వాచీలు బాగుచేసే కొట్లు. ఒక కంటికి భూతద్దం గొట్టం పెట్టుకుని మనుషులు వంగి కూర్చున్నారు. వింతేమిటంటే ఎవరి ముందు చూసినా ఒకే రకం వాచీ. మగవాళ్ళది, నల్లపట్టీది, ఆరు అంకె దగ్గర అద్దం చిట్లింది. ఒకాయన తలెత్తకుండానే, "ఆయన రాలేదా అమ్మా?" అన్నాడు. ఎవరాయన అన్నాను. "రశీదు ఆయన దగ్గరే ఉంది మరి" అని మళ్ళీ పనిలో పడ్డాడు. అక్కడ బేరాలు బాగా మందకొడిగా ఉన్నట్టున్నాయి పాపం.

ఇళ్ళు మాత్రం నాకు నచ్చలేదు. ముందు నుంచి చూస్తే ఇళ్ళే. ఒకావిడ లోపలికి రమ్మంటే వెళ్ళాను. గుమ్మం దాటి కాస్త నడిస్తే గది అయిపోయింది. వంటిల్లు లేదు, పెరడు లేదు. తెల్లటి గోడ. చేత్తో ముట్టుకుంటే సున్నంలా లేదు, కాగితంలా నునుపుగా ఉంది. నీడలన్నీ ఒకే వైపు వాలి, దువ్వెన పళ్ళలా గీతలు గీతలుగా పడుతున్నాయి.

ముందుమాటకి చివరి పేరా దొరికినట్టే. అక్క కల్పించలేదు, చూసి రాసింది. మళ్ళీ వెళ్ళి ఆ ఇంటావిడతో మాట్లాడతాను.

మీ పిచ్చుక

*

ఏప్రిల్ 14

పిచ్చుకకు,

అక్కడికి మళ్ళీ వెళ్ళకు.

అలాంటి సందు లేదు. పటాలు గీసేవాళ్ళకి ఒక అలవాటు ఉంది. గీసిన ప్రతి ఊరి పటంలోనూ లేని వీధి ఒకటి పెడతాం. దాన్ని మాలో మేము దొంగవీధి అంటాం. వేరేవాళ్ళు కష్టపడకుండా మన పటాన్ని చూసి అచ్చేసుకుంటే, ఆ వీధి కూడా వాళ్ళ పటంలోకి వస్తుంది. అక్కడ దొరికిపోతారు. అది ఎక్కడుందో గీసినవాడికీ ఆఫీసరుకీ తప్ప తెలియకూడదు. నేను మీ అక్కకి కూడా చెప్పలేదు. ఆమె ఎప్పుడు కనిపెట్టిందో తెలియదు.

మీ ఊరి పటంలో దొంగవీధి అదే. ప్రెస్సుకీ ఐసు ఫ్యాక్టరీకీ మధ్య ఉన్నది ఒకే గోడ. పేరు కూడా ఆ పూట తోచింది పెట్టాను. అప్పుడు నా వాచీ రిపేరుకి ఇచ్చి ఉంది. నల్లపట్టీది. ఆరు దగ్గర అద్దం చిట్లింది. తర్వాత ఆ కొట్టు ఎత్తేశారు, వాచీ తిరిగి రాలేదు. ఈ సంగతి నీకు ఎవరు చెప్పారు?

ఇంకొకటి. ఆ సందులో ఇళ్ళకి నేను ముందువైపు మాత్రమే సరిగా గీశాను. వెనక గోడకి ఒక్క గీత గీసి వదిలేశాను, దాని అవతల ఏమీ గీయలేదు. ఎలాగూ లేని ఇళ్ళు కదా అని.

నువ్వు అక్క పోయిన దిగులులో ఉన్నావు. మందులు కూడా వాడుతున్నావు. డాక్టరుకి చూపించుకో. నా మాట విను.

బావ

*

ఏప్రిల్ 20

బావగారికి,

డాక్టరుకి చూపించుకోవాలా? నాకు చెవులు సరిగా లేవు గాని, మతి బాగానే ఉంది. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను, గోడకీ వీధికీ తేడా తెలియదా?

మీరు ఎందుకిలా రాస్తున్నారో నాకు అర్థమైంది. ముందుమాటలో చరిత్ర అంతా నేను తవ్వి పోస్తే, చివరికి "ఆ సందు మటుకు నా కల్పన" అని మీ పేరు ఉండాలి, అంతేగా. అడిగితే నేనే రాసేదాన్ని కదా! వాచీ కథ కూడా బాగుంది. నేను రాసింది చదివి, అది నాదే అనేస్తే సరిపోతుందా?

కోపం వచ్చి మూడు రోజులు మీకు రాయలేదు. కాని రాయక తప్పదు. నేను మళ్ళీ వెళ్ళాను. రోజూ వెళ్తున్నాను.

ఆ ఇంటావిడ కుర్చీ వేసింది. మంచి మనిషి. మాటకి ముందు నవ్వుతుంది. "మీరు పెద్దమ్మాయి చెల్లెలు కదూ, నడకలోనే తెలుస్తోంది" అంది. కర్రతో నడిచేదానికి నడకేమిటమ్మా అన్నాను. "కర్ర బయటే పెట్టి రండి, ఇక్కడ అక్కర్లేదు" అంది. నిజమే బావగారూ, ఆ సందులో నా కాలు నొప్పి లేదు.

తర్వాత ఆ తెల్లగోడ అవతల పేజీలు తిప్పుతున్న చప్పుడు విన్నాను. నేను! పక్కన పెళ్ళిమేళం వాయించినా వినపడని నేను. "ఎవరు?" అన్నాను. చప్పుడు ఆగింది. "పిచ్చుకా, కాలు ఎలా ఉందే?" అంది.

ఇక మీ ఇష్టం. నమ్మితే నమ్మండి. అక్కడ నాకు ఒక్క మాట కూడా పోకుండా వినిపిస్తోంది. ఎన్నేళ్ళయిందో అక్క గొంతు మొత్తంగా విని.

అక్క ఎక్కువ మాట్లాడదు. అవతల చాలా ఖాళీగా ఉందంటుంది. తలుపు లేదంటుంది.

మీ మరదలు

*

ఏప్రిల్ 27

పిచ్చుకకు,

నన్ను క్షమించు. డాక్టరు మాట రాసి ఉండకూడదు. పేరు నాకు అక్కర్లేదు. ముందుమాటలో నా ఊసే వద్దు.

నాతో పనిచేసిన చైన్‌మన్ ఇంకా మీ ఊళ్ళోనే ఉన్నాడు. కొలత గొలుసు పట్టుకుని ఆ రోడ్డంతా నాతో తిరిగినవాడు. వెళ్ళి చూసి రమ్మని మనిషితో కబురు పెట్టాను. వాడు ఆఫీసు నుంచి ఫోను చేశాడు.

"సార్, అదే గోడ. ఇటు ప్రెస్సు, అటు ఐసు ఫ్యాక్టరీ. పిల్లి కూడా దూరదు. ఏంటి సార్, రిటైరయ్యాక కూడా కొలతలేనా? మీకు వేరే పనిలేదా?"

అక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగాను.

"ఎవరూ లేరు. గోడకి ఒక చేతికర్ర ఆనించి ఉంది. ఎవరో ముసలావిడది, పిడికి ఎర్రగుడ్డ చుట్టింది. పక్కన టీ కొట్టువాణ్ణి అడిగాను. రోజూ పొద్దున ఒకావిడ వస్తుందట. కర్ర గోడకి ఆనించి పెడుతుందట. ఆ తర్వాత చూస్తే మనిషి ఉండదట, కర్ర ఉంటుందట. సాయంత్రానికి మళ్ళీ వచ్చి కర్ర తీసుకుని పోతుందట. 'ఎటు పోతుందిరా?' అంటే వాడు, 'నేను టీ చూసుకోవాలా, ఆవిణ్ణి చూసుకోవాలా?' అంటున్నాడు సార్."

పిచ్చుకా, నువ్వు చెప్పేది నేను నమ్ముతున్నాను. అందుకే అడుగుతున్నాను. ఇంట్లో ఉండు. నేను వచ్చేదాకా ఆ వైపు పోకు. లోపలికి వెళ్ళినదానివి ఏదో ఒక రోజు బయటికి రాకపోతే, నిన్ను వెతకడానికి నాకు వీధి కూడా ఉండదు. మీ అక్క పోయింది. నాకు మిగిలింది నువ్వే.

బావ

*

మే 4

ఏమండీ,

ఉత్తరం అందింది. మీరు రానక్కర్లేదు. ఎండల్లో ప్రయాణం మీకు పడదు.

ఒక్క పని చేయండి. అసలు షీటు మీ దగ్గరే ఉంది కదా. బీరువాలో గొట్టంలో చుట్టి ఉంటుంది. సందు చివరి ఇంటికి వెనక గోడ ఉంది. ఆ గోడలో కుడివైపున, మూలకి కాస్త ఇవతల, రెండు చిన్న గీతలు గీయండి. తలుపు అంత ఖాళీ చాలు. నల్ల ఇంకుతో గీయండి. పెన్సిలు వద్దు.

తొందరగా గీయండి. ఇక్కడ చాలామంది ఉన్నారు.

బావగారూ, నేను పిచ్చుకని. పైన ఉన్నది నేను రాయలేదు, లేక రాశానో ఏమో, చెయ్యి నాదే. అక్క చెబుతుంటే రాస్తున్నాను అనుకున్నాను. నిన్న సాయంత్రం ఇంటికి పోదామని లేచాను. కొట్లన్నీ దాటి వచ్చాను. మళ్ళీ ఈ ఇంటి ముందుకే వచ్చాను. నేను వచ్చిన మలుపు లేదు. వాచీలవాళ్ళని అడిగితే, "మలుపు ఎప్పుడుందమ్మా?" అంటున్నారు. ఇంటావిడ నవ్వుతూనే ఉంది. అన్నీ బాగా వినిపిస్తున్నాయి బావగారూ, ఇప్పుడు అదే భయంగా ఉంది. గోడ అవతల ఉన్నది అక్క ఒక్కతే కాదు.

*

మే 6

పిచ్చుకకు,

నీ ఉత్తరం పోస్టులో రాలేదు. పొద్దున తలుపు తీసేసరికి లోపలివైపు నేల మీద ఉంది. కవరుకి స్టాంపు లేదు. కాబట్టి ఇదీ అలాగే చేరుతుందని, కవరు మీద నీ ఇంటి చిరునామా కాక ఆ సందు పేరే రాస్తున్నాను.

నువ్వు నన్ను ఎప్పుడూ 'ఏమండీ' అని పిలవలేదు. ఆ పిలుపు చూసి, నిజం చెప్పాలంటే, దాన్నే మళ్ళీ మళ్ళీ చదివాను. రెండు గీతలు. నాకు అరనిమిషం పని. చెయ్యి దానంతట అదే ఇంకు సీసా దాకా వెళ్ళింది.

షీటు తీసి అద్దం బల్ల మీద పరిచి, కింద దీపం వేశాను. సందు ఉంది. వెనక గోడ ఉంది. అయితే నేను తెరిచి ఉంచిన సందు మొదట్లో, రోడ్డు వైపు, అడ్డంగా ఒక గీత ఉంది. అది నాది కాదు. నేను అంత వంకరగా గీయను. వేలు పెడితే ఇంకు అంటుకుంది. నిన్ను మూసింది అదే.

మీ అక్క ముప్పై ఏళ్ళకు పైగా నాతో పనిచేసింది. ఎక్కడ గీయాలో ఒక్కసారి కూడా చెప్పలేదు. గోడ అవతల ఉన్నవాళ్ళు కుడివైపు అంటున్నారు, మూలకి ఇవతల అంటున్నారు, పెన్సిలు వద్దంటున్నారు. అది ఆమె గొంతే కావచ్చు. నేను వినలేదు, నువ్వు విన్నావు. కాని ఆమె అయితే నన్ను అడగదు. ఆమె కాకపోతే నేను గీయకూడదు. ఎలా చూసినా ఆ తలుపు గీయలేను. ఇది రాయడానికి నాకు పొద్దుటి నుంచి ఇప్పటిదాకా పట్టింది.

ప్రచురణకర్తకి కూడా రాశాను. నువ్వు వెతికిన మూలాలన్నీ ముందుమాటలో వేయమన్నాను. తరలిపోయిన రాజధానులు, యుద్ధం ముగిశాక వచ్చిన ఆడవాళ్ళు, ఉల్లిపాయల యాత్రికులు, కూలిన సామ్రాజ్యాలు, అన్నీ నీ పేరుతోనే. సందు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం రాయవద్దన్నాను. ఊరి పటం అచ్చు వేయవద్దన్నాను. చదివినవాళ్ళు ఎవరైనా కర్ర పట్టుకుని బయల్దేరితే వాళ్ళకి బావ ఉండకపోవచ్చు.

ఇప్పుడు నా మాట విను. ఆ ఇంట్లో కూర్చోకు. కుర్చీ వేసినా వద్దను. గోడ అవతల నుంచి ఏం అడిగినా, ఎంత ముద్దుగా పిలిచినా, బదులు పలకకు. పలకాలని ఉంటే నా మీద కోపం తెచ్చుకో, నీకది బాగా వచ్చు. కొట్ల వైపు వచ్చి రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడు. ఎవరైనా రశీదు అడిగితే, వాచీ ఆయనకి అక్కర్లేదట అని చెప్పు. చెవులు మళ్ళీ మందగిస్తున్నట్టు అనిపిస్తే భయపడకు. నువ్వు సరైన వైపే వస్తున్నావన్నమాట.

ఆమె ఇక నాకు లేదు. ఆ సంగతి ఈ షీటు ముందు కూర్చున్నాకే పూర్తిగా తెలిసింది.

ఇప్పుడు వెలుతురు చాలదు. బ్లేడు జారితే షీటు చిరుగుతుంది, చిరిగితే లోపల ఉన్నదాని గతి ఏమిటో నాకు తెలియదు. అందుకే ఆగుతున్నాను. రేపు ఉదయం ఎండ బల్ల మీదికి రాగానే, రోడ్డు వైపు ఉన్న ఆ అడ్డగీతను బ్లేడుతో చెక్కేస్తాను. వెనక గోడను ముట్టుకోను. ఆ తర్వాత మొదటి రైలెక్కి వచ్చి, ప్రెస్సుకీ ఐసు ఫ్యాక్టరీకీ మధ్య నిలబడి, నువ్వు బయటికి వచ్చేదాకా నిన్ను గట్టిగా పిలుస్తాను.

బావ